దూరమున నున్న వేరు

చెట్టు కొమ్మలన్నియు వేరునుండి బలము పొందును. అట్లే లినక్సు అను ఆపరేటింగ్ సిస్టమ్ గల కంప్యూటరులో ఫైళ్లన్నియు ఒక్క మొదటినుండి శాఖోపశాఖలుగా విస్తరించి యుండును. ఆ మొదటికి 'రూట్' అని పేరు; అనగా వేరు. సాధారణముగా ఆ వేరు కంప్యూటరులోని డిస్కునందే యుండును. కాని డిస్కు పాడైపోయిన లాప్‌టాపును గూడ పనిచేయించు మార్గ మొకటి కలదు. అప్పుడు దాని వేరు మరియొక గదిలోని సర్వరునం దుండును. నడుమ నొక తీగ మాత్రమే యుండును.

ఈ యూహ క్రొత్తది కాదు. 1984లో అమెరికాలోని సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థవారు, ఒక కంప్యూటరులోని ఫైళ్లను మరియొకటి తనవివలె వాడుకొను పద్ధతిని రూపొందించిరి. దానిని నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్ అందురు. ఆ కాలమున డిస్కులు మిక్కిలి ఖరీదైనవి. డిస్కు లేని యంత్రములను పెక్కింటిని ఒక్క సర్వరుతో నడుపుటకు ఆ పద్ధతి తోడ్పడెను. 1991లో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ వెలువరించిన లినక్సు కూడ తరువాత దీనిని స్వీకరించెను.

మీట నొక్కగానే లాప్‌టాపునకు సర్వరు ఎక్కడ నున్నదో తెలియదు. దాని నెట్‌వర్క్ కార్డునకు గల సంఖ్య యొక్కటే దానికి గుర్తు. ఆ సంఖ్యను తెలిపి, "నా చిరునామా ఏది? నేను తెచ్చుకొనవలసిన దేది?" అని అది నెట్‌వర్కులోని వారి నందరిని అడుగును. సర్వరు దానికి చిరునామాను, తెచ్చుకొనవలసిన ఫైలు పేరును చెప్పును. ఆ ఫైలు ద్వారమున లినక్సునకు ప్రాణమైన కెర్నెల్ లాప్‌టాపు మెమరీలోనికి వచ్చును. పెక్కు లాప్‌టాపులు ఈ తొలి పనిని వైఫై ద్వారా చేయజాలవు; కావుననే తీగ కావలెను.

ఇచ్చట నొక చిక్కు కలదు. వేరును చేరుటకు నెట్‌వర్క్ కార్డు పనిచేయవలెను. కార్డును పనిచేయించు డ్రైవరు అను ప్రోగ్రాము సాధారణముగా ఆ వేరునందలి ఫైళ్లలోనే యుండును! ఇది తాళపుచెవిని పెట్టెలో నుంచి పెట్టెకు తాళము వేసినట్లున్నది. ఈ చిక్కును విడదీయుటకు, బాటసారి దారిబత్తెమును మూటగట్టుకొన్నట్లు, కెర్నెల్ తనతో నొక చిన్న మూటను తెచ్చుకొనును. దాని పేరు ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్. అందు డ్రైవరును, దూరపు ఫైళ్లను కలుపుకొను సాధనములును ఉండును. వాని సాయమున కెర్నెల్ సర్వరును చేరి, అచ్చటి డైరెక్టరీని తన వేరుగా గైకొనును. మూటలో డ్రైవరు లేకున్నచో ప్రయాణ మచ్చటనే యాగును.

వేరు దొరికిన పిమ్మటను జాగ్రత్త యవసరము. కొన్ని ప్రోగ్రాములు ఆరంభమున నెట్‌వర్కును ఒకసారి త్రెంచి మరల కలుపును. డిస్కు గల యంత్రమున దానివలన హాని లేదు. ఇచ్చటనో, త్రెంచిన క్షణముననే వేరు దూరమగును. మరల కలుపవలసిన ప్రోగ్రామును చదువుటకు దారి యుండదు. కూర్చున్న కొమ్మను నరుకుకొను వాని గతియే దానికిని పట్టును. కనుక ఆ కార్డును ముట్టవలదని ముందే నిర్దేశింపవలెను. తీగ పొరపాటున ఊడినచో మాత్రము, సాధారణముగా లాప్‌టాపు ఓపికతో వేచియుండి, తీగ తగిలింపగానే పని కొనసాగించును.

బాలలారా! ఒక పాఠశాలలో నలువది లాప్‌టాపు లిట్లు ఒక్క వేరుతో నడచుచున్న వనుకొనుడు. అందరును ఆ ఫైళ్లలో వ్రాసినచో ఒకరి వ్రాత నొకరు చెరుపుదురు. కావున వేరును చదువుటకు మాత్రమే యిచ్చి, విద్యార్థుల వ్రాతలకు సర్వరులో వేరువేరు చోట్లు కేటాయింతురు. సర్వరులో నొక నిఘంటువును చేర్చినచో అది నలువది తెరలపైనను లభించును. సర్వరు ఆగినచో నలువది తెరలును నిలిచిపోవును. సర్వరులోనికి చొరబడిన దుష్టుడు నలువదింటిని చెరుపగలడు. ఒక్కచోట చేసిన మే లెట్లు అందరికి చేరునో, ఒక్కచోటి ఏమరుపాటు నట్లే అందరికి చేరును. అందుచేత ఇట్టి ఏర్పాటున మిక్కిలి శ్రద్ధతో కాపాడవలసినది, బల్లలమీద కనబడు లాప్‌టాపులకంటె, కనబడని యా వేరునే.