నవలాకారుని జీవిక: ఉత్తర తెలంగాణ నేపథ్యంలో ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

నవలా విమర్శ సాధారణంగా వస్తువును, శిల్పాన్ని, పాత్రచిత్రణను చర్చిస్తుంది. రచయితకు తీరిక ఎలా దొరికింది, అచ్చు ఖర్చు ఎవరు భరించారు, ప్రతిఫలం ఎంత ముట్టింది అన్నవి కూడా సాహిత్యచరిత్రకు చెందిన ప్రశ్నలే. వీటిని ప్రధానంగా తెలంగాణ ఉదాహరణలతో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. వృత్తి - రచన

విశ్వనాథ సత్యనారాయణ 'వేయిపడగలు' 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమతిని అడివి బాపిరాజు 'నారాయణరావు'తో పంచుకుంది. పావు శతాబ్దం తరువాత, 1959-61 మధ్య, విశ్వనాథ కరీంనగర్ ప్రభుత్వ కళాశాలలో ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. అంతటి ప్రసిద్ధి పొందిన నవలాకారుడు అప్పటికీ ఉద్యోగంలోనే ఉండటం గమనార్హం. 'ప్రజల మనిషి' నవలాకారుడు వట్టికోట ఆళ్వారుస్వామి వంటపని చేశారు, ప్రూఫులు దిద్దారు. దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకాలను తానే మోసుకెళ్లి అమ్మారు. కరీంనగర్ ప్రాంత నవలాకారుడు కాలువ మల్లయ్యది ఉపాధ్యాయవృత్తి.

యద్దనపూడి సులోచనారాణి వంటి కొందరికి వారపత్రికల ధారావాహికలు, చలనచిత్ర హక్కులు మరో మార్గం చూపాయి. ఆ పత్రికల ప్రాభవం తగ్గడంతో ఆ మార్గమూ కుంచించుకుపోయింది.

3. ఒక నమూనా లెక్క

కొండగట్టు పరిసరాల్లోని ఒక రచయిత రెండేళ్లు శ్రమించి నవల పూర్తిచేశారనుకుందాం. వెల 200 రూపాయలు, ప్రతులు 500, రాయల్టీ 10 శాతం అయితే, ప్రతులన్నీ అమ్ముడైనా దక్కేది 10,000 రూపాయలు. నెలకు సుమారు 417 రూపాయలు మాత్రమే.

సొంతంగా అచ్చువేస్తే ప్రతికి 80 రూపాయల చొప్పున 40,000 ఖర్చు. విక్రేతకు 40 శాతం తగ్గింపు ఇచ్చి 300 ప్రతులు అమ్మితే వచ్చేది 36,000. మిగిలినవి ఆవిష్కరణ సభలో, మిత్రులకు, సమీక్షలకు పంచితే 4,000 నష్టం. రవాణా, సభ ఖర్చులు దీనికి అదనం.

4. చట్టపరమైన అంశాలు

1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా జరగాలి. అందులో రాయల్టీని పేర్కొనాలి. గడువు రాయకపోతే బదిలీ ఐదేళ్లకే పరిమితమవుతుంది. నోటిమాటతో రాతప్రతిని అప్పగించే రచయిత ఈ రక్షణను వదులుకున్నట్లే. రచయిత మరణానంతరం 60 ఏళ్ల వరకు హక్కు కొనసాగుతుంది గనుక ఒప్పందపత్రం వారసులకూ ముఖ్యమే.

5. ముగింపు

పై పరిశీలన వల్ల నవలను చాలావరకు పోషించేది పాఠకుని డబ్బు కాదు, రచయిత వేతనమని అవగతమవుతుంది. దీని పర్యవసానం సాహిత్యపరమైనది. నెల జీతం, సెలవులు ఉన్నవారికి నవలా రచన కొంత సాధ్యం. బీడీలు చుట్టే స్త్రీ, కౌలురైతు నవలల్లో పాత్రలు కాగలరు. నవలాకారులు కావడం కష్టం. కాబట్టి పరిశోధకులు ప్రచురణ వివరాల పుటనూ ఆధారంగా స్వీకరించాలి. ప్రతుల సంఖ్య, వెల, ప్రచురణకర్త స్థానంలో రచయిత ఇంటి చిరునామా, ముద్రణకు సాయపడినవారి పేర్లు ఆ నవల ఎలా సాధ్యమైందో చెబుతాయి. ఏ జీవితాలు నవలలుగా రాలేదో ఊహించడానికీ అవి దారి చూపుతాయి.