గాడిలో ఇమిడిన పాట

పెనుకొండ బడి పిల్లలు పాడుకునే ‘మా తెలుగు తల్లికి’ పాటలో తిమ్మరుసు పేరు వస్తుంది. తిమ్మరుసు బందిఖానా అని జనం చెప్పుకునే కట్టడం ఆ ఊళ్లోనే ఉంది. అయితే ఆ పాట మనకు గ్రామఫోను రికార్డు మీద చేరిందన్న సంగతి చాలామందికి తెలియదు.

తిరుపతి కవి శంకరంబాడి సుందరాచారి 1942లో ‘దీనబంధు’ చిత్రం కోసం ఈ పాట రాశారు. సినిమాలో దానికి చోటు దొరకలేదు. టంగుటూరి సూర్యకుమారి గొంతులో హెచ్.ఎం.వి. కంపెనీ దాన్ని రికార్డుగా తెచ్చింది. కవికి ముట్టింది 116 రూపాయలని చెబుతారు. సినిమా వదిలేసిన పాటను జనం గుండెకు హత్తుకున్నారు. హైదరాబాదులో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగిన 1975లో అది రాష్ట్ర గీతమైంది.

అంతకు ముందు తరాల వాళ్లు పాట వినాలంటే నాటకానికి వెళ్లేవారు. ‘ఆంధ్ర నాటక పితామహుడు’ ధర్మవరం రామకృష్ణమాచార్యులు తెలుగు నాటకంలో పాటకు పెద్దపీట వేశారు. రంగస్థలం మీద రాగం ఎంతసేపైనా సాగేది, ‘వన్స్‌మోర్’ అంటే మళ్లీ మొదలయ్యేది. రికార్డు మీద ఆ వీలు లేదు. ఎందుకో చిన్న లెక్క వేసి చూద్దాం.

పది అంగుళాల రికార్డు మీద పాట ఉండే పట్టీ వెడల్పు మూడు అంగుళాల లోపే. అందులో ముల్లు నడిచే గాడి అంగుళానికి 90 చుట్లు తిరిగిందనుకుంటే మొత్తం సుమారు 260 చుట్లు. రికార్డు నిమిషానికి 78 సార్లు తిరుగుతుంది. 260ని 78తో భాగిస్తే మూడు నిమిషాల ఇరవై సెకన్లు. కవి పల్లవికైనా, గాయని ఆలాపనకైనా ఉన్న జాగా అంతే.

చుట్లు ఇంకా దగ్గరగా గీస్తే సరిపోదా? అక్కడ పదార్థం అడ్డొస్తుంది. ఆ రికార్డులు లక్కతో చేసినవి. మన అడవుల్లో లక్క పురుగు కొమ్మల మీద స్రవించే జిగురులో రాతిపొడి, మసి కలిపి అచ్చు పోసేవారు. బరువైన ఉక్కు ముల్లు గాడిలో నడిచేటప్పుడు ఆ రాతిపొడి ముల్లునే అరగదీసి, గాడికి సరిపడేలా చేసేది. అందుకే గాడి వెడల్పుగా ఉండక తప్పలేదు.

1948, 1949 సంవత్సరాల్లో వినైల్ రికార్డులు వచ్చాక ముల్లు తేలికైంది, గాడి సన్నబడింది. నిమిషానికి 45 సార్లు తిరిగే ఏడు అంగుళాల ‘సింగిల్’, అంటే ఒక్కో వైపు ఒక్కో పాట ఉండే రికార్డు, రాజ్యమేలింది. అయినా మూడు నాలుగు నిమిషాల అలవాటు పోలేదు. దానికీ కారణముంది. ధ్వని ఎంత పెద్దదైతే గాడి అంతగా అటూ ఇటూ ఊగుతుంది, పక్క చుట్టుకు అంత దూరం కావాలి. పాట పొడవు పెంచితే ఆ ఊపు తగ్గించాలి, అంటే శబ్దం తగ్గుతుంది.

మన పాట రాష్ట్ర గీతమైన 1975లోనే ఇంగ్లండులో క్వీన్ అనే రాక్ బృందం ఈ హద్దును సవాలు చేసింది. పంచగనిలో చదువుకున్న పార్సీ బిడ్డ ఫ్రెడ్డీ మెర్క్యురీ రాసిన ‘బొహీమియన్ రాప్సొడీ’ నిడివి 5 నిమిషాల 55 సెకన్లు. పల్లవి మళ్లీ మళ్లీ తిరిగే పాట కాదది. మెల్లని గానం, ఒపేరా, భారీ రాక్ ఒకదాని వెంట ఒకటి వచ్చే ప్రోగ్రెసివ్ రాక్ కట్టడం. ముగ్గురే పాడి, 24 ట్రాకుల టేపు మీద గొంతు మీద గొంతు పరిచారు. ధర్మవరం నేతగాడు ఒక్కో పేక వేస్తూ కొంగు నింపినట్టు ఒక్కో వరుస చేరింది. టేపు ఎన్నిసార్లు తిరిగిందంటే, పైనున్న ఐరన్ ఆక్సైడ్ పూత అరిగి వెలుతురు కనిపించిందని గిటారిస్టు బ్రయాన్ మే చెప్పారు.

ఇంత పొడవు పాటను రేడియోలు వెయ్యవని రికార్డు కంపెనీ వెనకాడింది. కానీ రేడియో వ్యాఖ్యాత కెన్నీ ఎవరెట్ దాన్ని రెండు రోజుల్లో 14 సార్లు వేశాడు. అక్టోబరు 31న విడుదలైన ఆ సింగిల్ బ్రిటన్‌లో తొమ్మిది వారాలు మొదటి స్థానంలో నిలిచింది.

ఒక పాట హద్దులో ఒదిగి నిలిచింది, ఇంకొకటి హద్దు దాటి నిలిచింది. రెండింటి వెనకా ఉన్నది గాడి లెక్కే. కళను పూర్తిగా అర్థం చేసుకోవాలంటే, అది ఏ వస్తువు మీద మన దగ్గరికి వచ్చిందో కూడా తెలుసుకోవాలి.

హిందూపురంలోనో ధర్మవరంలోనో మీ తాతగారి పెట్టెలో పాత లక్క రికార్డులుంటే పారేయకండి. ఒకదాని మీద ఒకటి పేర్చకుండా నిలువుగా నిలబెట్టండి. వినైల్‌కు వాడే సన్నని ముల్లు వాటి మీద పెట్టకండి. స్పిరిట్‌తో మాత్రం ఎన్నడూ తుడవకండి. లక్క స్పిరిట్‌లో కరిగిపోతుంది, దాంతోపాటే పాటా పోతుంది.