నాచారములో విప్పిన హెరాల్డు

1959వ సంవత్సరమున ఇంగ్లండులో వెలువడిన ట్రయంఫ్ హెరాల్డు, చిన్న కార్లలో అప్పటికే అంతరించుచున్న ఒక పాతపద్ధతిని తిరిగి చేపట్టినది: చాసిస్ వేరు, దానిపై బోల్టులతో బిగించిన బాడీ వేరు. అంతవరకు బాడీలు చేసి యిచ్చుచుండిన ఫిషర్ అండ్ లడ్లో సంస్థ 1953లో ప్రత్యర్థియైన బి.ఎం.సి. వశమగుటచే, వేర్వేరు చోట్ల భాగములను చేయించి ఒకచోట కూర్చుకొనదగిన కారు ట్రయంఫ్ వారికి అవసరమయ్యెను. ఇటలీకి చెందిన జొవాన్ని మికెలోట్టి దానికి ఆకృతి నిచ్చెను. ఆ చాసిస్‌నే కురుచచేసి 1962లో స్పిట్‌ఫైర్ అను రెండు సీట్ల స్పోర్ట్స్ కారును నిర్మించిరి. మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రోడక్ట్స్ వారు 1961 నుండి పదేండ్లపాటు హెరాల్డును తయారుచేసినందున, స్పిట్‌ఫైర్ కానరాని మన ఊళ్లలో దాని తోబుట్టువైన యీ బండి మాత్రము నేటికిని అక్కడక్కడ కానవచ్చును.

నాచారము పారిశ్రామికవాడకు కూతవేటు దూరమున నున్న మిత్రుని యింట అట్టి రెండు తలుపుల హెరాల్డును విప్పుచుండగా నేనును చేయి కలిపితిని. పాతబండి బాగుపడునో, గుట్టగా మిగిలిపోవునో విప్పుటలోనే తేలునని నా దృఢవిశ్వాసము. ఆత్రపడు కూలిమనిషికంటె అక్కరగల యింటివారు ఆ పని చక్కగా చేయుదురు. బ్యాటరీ తీగ ఊడదీసి, పెట్రోలును, నూనెలను, రేడియేటరు నీటిని దించినపిమ్మట కోడలు ప్రతి మూలను ఫోన్‌తో ఫోటో తీసెను. పిల్లలు వైరింగ్ కొసలకు టేపు చుట్టి పేర్లు వ్రాసిరి. ప్రతి జోడు నట్లు ఒక కవరులోనికి చేరెను. తుప్పుపట్టి కదలని బోల్టుపై మిత్రుడు సుత్తె నెత్తబోగా, ఫిట్టరు పనిచేసి రిటైరైన ఆయన మేనమామ చేయి పట్టుకొని, "ఊడ్తలేదని కొట్టకుర, డీజిల్ పోసి రాత్రంత నాననియ్యి, పొద్దుగాల అదే వస్తది" అనెను. తెల్లవారి అది పానాకు లొంగి వచ్చినది.

హెరాల్డు ముందుభాగమంతయు, చక్రములపై రెక్కలతోసహా, ఒకే బానెట్టుగా ముందుకు వాలును. కీళ్ల బోల్టులు తీసినచో నలుగురు మనుష్యులు దానిని ఎత్తి గోడకు చేర్చవచ్చును; ఒంటరివాడు ప్రయత్నించినచో రేకు మెలిపడును. ఇంజను మూత తీయగానే కనబడు ఎనిమిది పుష్‌రాడ్లను మేనమామ బెజ్జములు చేసిన అట్టముక్కలో వరుసగా గ్రుచ్చించెను, ఏలయన దేని రాపిడి దానిది, తారుమారైనచో అరుగుదల కొత్తగా మొదలగును. క్రాంకుషాఫ్టును పట్టియుంచు బేరింగు మూతలను బోరు చేయునప్పుడే జతపరచి యుందురు కావున, వాటిపై చుక్కలుపెట్టి గుర్తించిన తరువాతనే విప్పవలెను. ఈ చిన్న చుక్కలు మరచినవారు పిమ్మట నెలల తరబడి వెదకుదురు. బ్రేకు షూల దుమ్మును మాత్రము గాలితో ఊదరాదు. పాత లైనింగులలో ఆస్బెస్టాస్ కలదు, అది ఊపిరితిత్తులకు ప్రాణాంతకము. తడిగుడ్డతో తుడిచి కట్టివేయవలెను.

అసలు రోగము తలుపుల క్రింది పట్టీలలో దాగియుండును. వాననీరు పోవు సన్నని రంధ్రములు మట్టితో పూడుకొనగా నీరు లోపలనే నిలిచి రేకును తినివేయును. పైరంగు నిగనిగలాడుచున్నను స్క్రూడ్రైవరు మొనతో తాకినంతనే అది పొరలుగా రాలిపోవును. స్పిట్‌ఫైర్ వంటి పైకప్పులేని బండిలో ఆ పట్టీలే బాడీకి బలము. కనుక వాటిని కోయుటకు ముందు తలుపుసందున ఇనుపకడ్డీని అడ్డముగా వెల్డింగు చేయవలెను. లేనిచో బాడీ నడుమ వంగి, తలుపు ఇక సరిగా మూతపడదు. మావాళ్లు చైన్‌పుల్లీతో ఇంజనును వెలికి తీసి, బ్లాకును నాచారములోనే ఒక లేతుషాపునకు కొలతలకై పంపిరి. బోరు సాగినచో ఓవర్‌సైజు పిస్టన్లు వేయవలసి యుండును.

తీసిన వస్తువును పారవేయుటకు ముందు చట్టమునుగూడ చూడవలెను. 2021 జూలైలో కేంద్ర రవాణాశాఖ ప్రకటించిన నిబంధనల ప్రకారము, తొలి రిజిస్ట్రేషనునుండి 50 ఏండ్లు దాటి, చాసిస్‌కు, బాడీకి, ఇంజనుకు పెద్దమార్పులు లేక మూలరూపమున నిలిచిన బండికే వింటేజి గుర్తింపు లభించును. కొత్త రిజిస్ట్రేషనుకు రుసుము 20,000 రూపాయలు, పునఃరిజిస్ట్రేషనుకు 5,000, గడువు పదేండ్లు, నంబరులో వి.ఏ. అక్షరములుండును, అట్టి బండిని నిత్యపు రాకపోకలకు వాడరాదు. అందువలన మేనమామ చాసిస్ నంబరుపై మసిని గీకి, కాగితమానించి, పెన్సిలుతో మెల్లగా రుద్ది ముద్ర తీసెను; ఆర్.సి.లోని అంకెలతో మనుమరాలు ఒక్కొక్కటిగా సరిపోల్చగా, అన్నియు కలిసినవి.