కామాటిపుర తెలుగువాళ్లు: అపోహలు – వాస్తవాలు

"మీరుండేదెక్కడ?" అని అడిగితే కామాటిపుర కుర్రాళ్లు కొందరు "ముంబయి సెంట్రల్ దగ్గర" అని దాటేస్తారు. నిజానికి దాచుకోవాల్సిన చిరునామా కాదది. తాతముత్తాతల జాడ వెతకాలంటే ముందు ఈ అపోహలు వదిలించుకోవాలి.

అపోహ: కామాటిపుర అంటే కాముడి ఊరు. ఎర్రదీపాలతోనే పుట్టింది.

వాస్తవం: కామాటి అంటే కూలిపని చేసేవాడు. 1784 ప్రాంతంలో హార్న్‌బీ వెల్లార్డ్ కట్ట పూర్తయ్యాక సముద్రపు పోటు ఆగి, ఇక్కడి పల్లపు నేల తేరుకుంది. ఆ శతాబ్దం చివర్లో నిజాం రాజ్యం నుంచి వచ్చిన తెలుగు పనివాళ్లు ఇక్కడ స్థిరపడ్డారు. వేశ్యావాటికలు పెరిగింది ఆ తర్వాత, బ్రిటిష్ పాలనలో. అదీ కొన్ని గల్లీల్లోనే. మిగతా గల్లీల చాళ్లలో సంసారాలు తరతరాలుగా సాగుతూనే ఉన్నాయి.

అపోహ: మనవాళ్లంతా బట్టల మిల్లుల్లో పనికోసం వచ్చినవాళ్లే.

వాస్తవం: బొంబాయిలో తొలి నూలు మిల్లు కంపెనీ వెలిసింది 1854లో. అప్పటికే కామాటీలకు ఇక్కడ మనవలు పుట్టారు. మిల్లుల్లో చేరిన పద్మశాలీలది తర్వాతి వలస. మీ ఇంటివాళ్లు ఏ విడతలో వచ్చారో తేలితేనే వెతుకులాట దారిన పడుతుంది.

అపోహ: కామాటి ఒక కులం.

వాస్తవం: అది ఊరు పెట్టిన ఉమ్మడి పేరు. మున్నూరు కాపుల నుంచి మాల, మాదిగల దాకా ఎందరినో ఆ ఒక్క మాటతోనే పిలిచారు. పాత కాగితంలో "కామాటి" అని ఉన్నంత మాత్రాన కులం తేలినట్టు కాదు.

అపోహ: కూలీలకు చరిత్ర ఎక్కడిది?

వాస్తవం: జోతిబా ఫూలే 1873లో పుణెలో సత్యశోధక సమాజం పెట్టాక, బొంబాయిలో దానికి అండగా నిలిచినవాళ్లలో తెలుగు కాంట్రాక్టర్లున్నారు. వ్యంకు బాలాజీ కాళేవార్, రామయ్య వ్యంకయ్య అయ్యవారు వాళ్లలో ఇద్దరు.

అపోహ: పేరు మరాఠీలా ఉంటే మూలం తెలుగు కాదు.

వాస్తవం: మారింది పేరు రాసే వరస. ఇక్కడి పద్ధతిలో ముందు సొంత పేరు, మధ్యలో తండ్రి పేరు, చివర ఇంటిపేరు. వెతికేవాళ్లకు ఇది కలిసొచ్చేదే. తాతగారి స్కూల్ లీవింగ్ సర్టిఫికెట్ ఒక్కటి దొరికినా ముత్తాత పేరూ బయటపడుతుంది. ఇక కరీంనగరో, నల్లగొండో, ఏ ఊరి నుంచి బయల్దేరారో కాగితాల్లో లేకపోవచ్చు. అది ఇంట్లో పెద్దవాళ్లను అడగండి, ఈ పండక్కే.