ఏ వంటల పుస్తకం కొనాలి?

ఆదివారం మధ్యాహ్నం. పటాన్‌చెరు దగ్గర ఒక బస్తీ అనుకోండి. పొదుపు సంఘం మీటింగ్ అయిపోయింది. పన్నెండు మంది ఆడవాళ్లు ఇంకా లేవలేదు. ఒకామె జహీరాబాద్ వైపు నుంచి వచ్చింది. ఒకామెది శ్రీకాకుళం. ఇంకొకామె పుట్టిల్లు బీదర్ దగ్గర. అందరినీ ఇక్కడికి తెచ్చింది ఫ్యాక్టరీ పనే.

"నెలకోసారి అందరం కలిసి వండుకుందాం. ఒకరి వంట ఒకరం నేర్చుకుందాం" అన్నది ఒకామె.

"పుస్తకం చూసి వండుదాం. నేర్చుకున్న చదువు మరిచిపోకుండా ఉంటది" అన్నది ఇంకొకామె.

మూలకు కూర్చున్న పెద్దమ్మ నవ్వింది. "పుస్తకం చూసి వండుతారా? ఇన్నేండ్లు వండినం. మనకు వంట రాదా?"

పెద్దమ్మ మాట తప్పు కాదు. అందరికీ వంట వచ్చు. కానీ ఎవరి వంట వాళ్లకే వచ్చు. జొన్న రొట్టె చేసే చేతికి శ్రీకాకుళం కూర తెలియదు. పక్కింటి పొయ్యి మీద ఏం ఉడుకుతుందో వాసన తెలుసు. చేసే తీరు తెలియదు.

ఇంకొక మాట కూడా ఉంది. అక్షరం వాడకపోతే మరుగున పడుతుంది. వంటల పుస్తకం అట్లా పడనివ్వదు. అందులో మాటలు సగం తెలిసినవే. ఉప్పు, పప్పు, నూనె, చింతపండు. చదివింది నిజమో కాదో వెంటనే పొయ్యి మీద తేలిపోతుంది.

మరి ఏ పుస్తకం కొనాలి? అంగట్లో చాలా ఉంటాయి. అట్ట మీద రంగుల బొమ్మ చూసి కొంటే డబ్బులు పోవచ్చు.

ఈ పుస్తకాలు ఎట్లా పుట్టాయి?

మంచి వంటల పుస్తకాలు చాలావరకు ఆడవాళ్ల అనుభవం నుంచే వచ్చాయి. తమిళనాడులో ఎస్. మీనాక్షి అమ్మాళ్ అనే ఆమె బాగా వండేది. ఇది ఎట్లా చేయాలి, అది ఎట్లా చేయాలి అని బంధువులు ఉత్తరాలు రాసి అడిగేవారు. ఒక్కొక్కరికి రాసే బదులు పుస్తకమే రాయమని ఒక బంధువు సలహా ఇచ్చాడు. 1951లో ఆమె పుస్తకం అచ్చయింది. దాని పేరుకు "వండి చూడు" అని అర్థం. కొత్త పెళ్లికూతుళ్లకు దాన్ని కానుకగా ఇచ్చేవారు.

తెలుగులో మాలతీ చందూర్ రాసిన "వంటలు-పిండివంటలు" పుస్తకం చాలా ఇళ్లకు చేరింది. మళ్లీ మళ్లీ అచ్చయింది. ఆమె నవలలు కూడా రాసింది. 1992లో సాహిత్య అకాడమీ బహుమతి అందుకుంది.

బొంబాయిలో ఒక మహిళా సమాజం వాళ్లు తమ ఇళ్ల వంటలను "రసచంద్రిక" అనే పుస్తకంగా వేశారు. అది మరాఠీ పుస్తకం. అంటే సంఘం కూడా పుస్తకం తేగలదు.

కొనేముందు చూడవలసినవి

మొదటిది, అక్షరాలు. పుస్తకం తెరవండి. ఒక వంట తీయండి. ఒకరు పైకి చదవాలి. ఇంకొకరు వినాలి. విన్నామె తిరిగి చెప్పాలి. చెప్పగలిగితే ఆ పుస్తకం బాగా రాసినట్టే. చదివే ఆమె అడుగడుగునా ఆగిపోతే తప్పు ఆమెది కాదు. అక్షరాలు చిన్నవి కావచ్చు. వాక్యాలు పొడుగు కావచ్చు. ఇంకొక పుస్తకం చూడాలి.

రెండోది, తెలిసిన వంట. ఇది అన్నిటికన్నా గట్టి పరీక్ష. మీరు రోజూ చేసే వంట ఒకటి పుస్తకంలో వెతకండి. పప్పు కావచ్చు, పులిహోర కావచ్చు. పుస్తకం సరిగా చెప్పిందా? నీళ్లు ఎన్ని, పోపు ఎప్పుడు, ఉప్పు ఎంత అన్నది చూడండి. తెలిసిన వంటను సరిగా చెప్పిన పుస్తకం తెలియని వంటను కూడా సరిగా చెప్పవచ్చు. తెలిసిన దాంట్లోనే తప్పులుంటే తెలియనిదాన్ని ఎట్లా నమ్మాలి? ఈ పరీక్ష పెట్టడానికి పెద్ద చదువు అక్కరలేదు. వంట వస్తే చాలు.

మూడోది, వస్తువులు. ఒక పది వంటలు తిప్పి చూడండి. వాటికి కావలసినవి వారం సంతలో దొరుకుతాయా? జీడిపప్పు, కుంకుమపువ్వు, వెన్న అన్నీ అడిగే పుస్తకం పెళ్లిళ్లకు పనికివస్తుంది. నెలనెలా వండే సంఘానికి పనికిరాదు.

నాలుగోది, పొయ్యి. కొన్ని పుస్తకాలు ఓవెన్, మిక్సీ ఉన్నాయని అనుకొని రాస్తారు. సంఘంలో ఎవరి దగ్గర ఏముందో ముందు చూసుకోవాలి. ఎంత సేపు పడుతుందో కూడా చూడాలి. పొద్దున్నే షిఫ్టుకు పోవలసిన ఇంట్లో రెండు గంటల వంట సాగదు.

అయిదోది, నూనె, ఉప్పు. అన్ని వంటలూ నూనెలో వేయించినవే అయితే ఆ పుస్తకం రోజువారీకి మంచిది కాదు. హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. మనిషికి రోజుకు 5 గ్రాముల ఉప్పు దాటకూడదని ఆ సంస్థ చెబుతుంది. అంటే సుమారు ఒక చిన్న చెంచా. అన్నంలో, కూరలో, పచ్చడిలో, అన్నిటిలో కలిపి అంతే.

కొలతల సంగతి

"తగినంత ఉప్పు" అని పుస్తకంలో ఉంటుంది. తగినంత అంటే ఎంత? వంట వచ్చినామెకు తెలుసు. కొత్త వంటకు మాత్రం కొలత కావాలి. కప్పు, చెంచా, గ్రాములు రాసిన పుస్తకం మేలు. పుస్తకాల్లో చిన్న చెంచా అంటే 5 మిల్లీలీటర్లు. పెద్ద చెంచా అంటే 15. మూడు చిన్న చెంచాలు ఒక పెద్ద చెంచా. సంఘం ఒకే కప్పు, ఒకే చెంచా పెట్టుకోవాలి. నెలనెలా వాటితోనే కొలవాలి.

పాత పుస్తకాల్లో సేర్లు, తులాలు ఉంటాయి. 1956లో కొత్త కొలతల చట్టం వచ్చింది. ఆ తర్వాత కొన్నేళ్లకు దేశమంతా కిలోలు, లీటర్లు వాడుకలోకి వచ్చాయి. పాత తులం అంటే 11 గ్రాముల కన్నా కొంచెం ఎక్కువ. బంగారం కొట్టులో ఇప్పుడు తులం అంటే 10 గ్రాములే.

లెక్క కూడా చేయాలి. పుస్తకంలో వంట నలుగురికి రాసి ఉంటుంది. సంఘంలో పన్నెండు మంది ఉన్నారు. నాలుగు మూళ్లు పన్నెండు. అంటే అన్నీ మూడింతలు తీసుకోవాలి. ఉప్పు, కారం మాత్రం ఒకేసారి మూడింతలు వేయవద్దు. ముందు రెండింతలు వేయండి. రుచి చూసి మిగతాది కలపండి. ఎక్కువైతే తీయలేం కదా.

మాట వేరు, వస్తువు ఒకటే

పుస్తకంలో "బంగాళాదుంప" అని ఉంటుంది. సంగారెడ్డి వైపు ఆలుగడ్డ అంటారు. పుస్తకంలో "గోంగూర" ఉంటుంది. ఇక్కడ పుంటికూర. గోరుచిక్కుడు అంటే గోకరకాయ. వెల్లుల్లి అంటే ఎల్లిగడ్డ. మొక్కజొన్న అంటే మక్కలు. వేరుశనగ గుళ్లు అంటే పల్లీలు.

పుస్తకంలో మాట తెలియకపోతే సిగ్గుపడవద్దు. శ్రీకాకుళం ఆమెను అడగండి. ఆమెకు తెలియనిది ఇంకొకామెకు తెలుస్తుంది. పుస్తకంలో ఆ మాట పక్కన మీ మాటను పెన్సిల్‌తో రాయండి. పుస్తకం మీద రాయడం తప్పేమీ కాదు. వండిన తర్వాత "కారం ఎక్కువైంది, సగం చాలు" అని కూడా రాయండి.

డబ్బు ఎంత? దొరికేది ఎక్కడ?

పుస్తకం వెల 240 రూపాయలు అనుకోండి. పన్నెండు మంది వేసుకుంటే తలా 20 రూపాయలు. సరుకుల ఖర్చు కూడా అట్లాగే పంచుకోవాలి. లెక్క ఒక నోటుబుక్కులో రాయాలి.

కొనక ముందు గ్రంథాలయంలో చూడండి. సంగారెడ్డిలో జిల్లా కేంద్ర గ్రంథాలయం ఉంది. అక్కడ కూర్చుని చదవవచ్చు. ఆదివారం హైదరాబాద్ ఆబిడ్స్‌లో రోడ్డు పక్కన పాత పుస్తకాలు తక్కువ ధరకు అమ్ముతారు. కొనేముందు కాగితాలన్నీ ఉన్నాయో లేదో చూసుకోవాలి.

పుస్తకంలో లేని వంట

ఎన్ని పుస్తకాలు తిప్పినా కొన్ని వంటలు దొరకకపోవచ్చు. మక్క గట్క, జొన్న అంబలి, గంగవాయిలి కూర, తుమ్మి కూర. పుస్తకంలో లేదు కాబట్టి అది వంట కాదని అనుకోవద్దు. రాసినవారికి అది తెలియదు. అంతే.

ఈ తిండికి విలువ లేదా? పటాన్‌చెరులోనే ఇక్రిశాట్ అనే పెద్ద పరిశోధన సంస్థ ఉంది. 1972లో పెట్టారు. జొన్న, సజ్జ, రాగి, కంది, శనగ, పల్లి పంటల మీద అక్కడ శాస్త్రవేత్తలు పనిచేస్తారు. 100 గ్రాముల రాగుల్లో కాల్షియం 300 మిల్లీగ్రాములకు పైనే ఉంటుంది. అంతే బియ్యంలో 10 లేదా అంతకన్నా తక్కువే. కాల్షియం ఎముకలకు బలం. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది.

జహీరాబాద్ చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్లు ఈ సంగతి ముందే తెలుసుకున్నారు. అక్కడ 1983లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలైంది. దాని మహిళా సంఘాల్లో ఎక్కువమంది పేద దళిత మహిళలే. వాళ్లు పాత పంటల విత్తనాలు దాచారు. ఆ గింజలతో వండుకున్నారు. పాత పంటల జాతర జరిపారు. 2008లో మాచనూరులో సొంత రేడియో పెట్టుకున్నారు. ఆ సంఘాల పనికి 2019లో ఈక్వేటర్ బహుమతి వచ్చింది. వాళ్లలో చాలామందికి చదువు లేదు. కానీ వాళ్లకు తెలిసినదాన్ని ప్రపంచం విన్నది.

చదువు వచ్చినవారు ఇంకొక పని కూడా చేయవచ్చు. రాయవచ్చు.

పెద్దమ్మ రొట్టె

జొన్న రొట్టె ఎట్లా చేయాలని అడిగితే పెద్దమ్మ ఏమంటుంది? "చేతికి తెలుస్తది" అంటుంది. చేతికి తెలిసింది కాగితం మీదికి ఎట్లా తేవాలి?

దానికి ఒక ఉపాయం ఉంది. ముందు పిండిని కొలిచి పెట్టాలి. నీళ్లను కొలిచి పెట్టాలి. పెద్దమ్మ తన ఇష్టం వచ్చినట్టు చేయాలి. ఆమెను ఆపవద్దు. అయిపోయాక మిగిలిన పిండిని, నీళ్లను కొలవాలి. ముందు ఎంత, మిగిలింది ఎంత? తీసేస్తే వచ్చేదే రొట్టెకు పట్టిన లెక్క. ఒకరు కొలవాలి. ఒకరు రాయాలి. ఒకరు గడియారం చూడాలి.

ఆ రోజు రాసింది పైకి చదివారనుకోండి. "పిండిలో నీళ్లు పోసి కలపాలి" అని ఉంది. పెద్దమ్మ వెంటనే ఆపుతుంది.

"ఉత్త నీళ్లు కాదు. మసిలిన నీళ్లు. గోధుమ పిండి లెక్క జొన్నపిండికి జిగురు ఉండదు. సల్లనీళ్లు పోస్తే రొట్టె పగులుతది. రాయి."

ఒకామె పాత మాట కొట్టేసి "మసిలిన నీళ్లు" అని రాస్తుంది. పెద్దమ్మ ఇప్పుడు నవ్వదు. "ఇంకోసారి చదువు" అంటుంది. ఇంకేం తప్పులు ఉన్నాయో చూడాలి కదా.

కొన్న పుస్తకం ఒకటి. రాసుకున్న నోటుబుక్కు ఒకటి. సంఘానికి రెండూ కావాలి.

మాట్లాడుకోండి, రాయండి

1. మీ సంఘంలో ఎన్ని ఊళ్లవారు ఉన్నారు? ఊరికి ఒక వంట పేరు రాయండి.

2. ఒక వంట ఆరుగురికి రాసి ఉంది. మీరు పద్దెనిమిది మంది. ఎన్ని ఇంతలు తీసుకోవాలి?

3. మీ అమ్మ చేసే వంట, మీకు రానిది ఏది? ఈ నెలలో ఆమెను అడిగి రాయండి.