బడిలో బిడ్డపై అఘాయిత్యం జరిగితే బాధ్యత ఎవరిది? ప్రభుత్వం జవాబు చెప్పాలా?

మరమగ్గాల పని కోసం తెలంగాణ జిల్లాల నుంచి తరాల క్రితమే సూరత్ వెళ్లి స్థిరపడిన కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. వారి పిల్లల కోసం సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలు నడుపుతోంది. వాటిని చూసేది నగర ప్రాథమిక శిక్షణ సమితి. భవనం, టీచరు, జీతం అన్నీ ప్రభుత్వ వ్యవస్థవే. అలాంటి బడిలో ఒక బిడ్డపై లైంగిక దాడి జరిగితే శిక్ష నేరస్థుడితో ఆగిపోతుందా? ప్రధానోపాధ్యాయుడు, సమితి, ప్రభుత్వం కూడా జవాబు చెప్పాలా?

చట్టంలో ఈ బాధ్యత మూడు మెట్లుగా ఉంది.

మొదటి మెట్టు: నేరం చేసిన వ్యక్తి

2012 నాటి పోక్సో చట్టం బడి సిబ్బంది, యాజమాన్య సభ్యులు ఆ బడి పిల్లలపై చేసే లైంగిక దాడిని తీవ్రమైన నేరంగా చూస్తుంది. 2019 సవరణ తర్వాత, అత్యాచార స్థాయి నేరానికి కనీస శిక్ష 20 ఏళ్లు. పిల్లలను కొట్టడం, మానసికంగా వేధించడం విద్యాహక్కు చట్టం సెక్షన్ 17 కింద నిషిద్ధం. అలా చేసిన టీచరుపై శాఖాపరమైన చర్య తీసుకోవాలి.

రెండో మెట్టు: తెలిసీ దాచినవారు

నేరం జరిగిందని తెలిసినా, జరగవచ్చన్న అనుమానం ఉన్నా పోలీసులకు చెప్పాలని పోక్సో సెక్షన్ 19 అంటోంది. చెప్పకపోతే సెక్షన్ 21 కింద ఆరు నెలల వరకు జైలు, జరిమానా లేదా రెండూ. తన కింద పనిచేసేవారి నేరాన్ని సంస్థ అధిపతి దాస్తే ఏడాది వరకు జైలు, దానికి తోడు జరిమానా. 'ముందు మేం విచారిస్తాం', 'బడి పరువు పోతుంది' అన్న సాకులకు ఇక్కడ చోటు లేదు.

మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో ఒక బడి హాస్టల్ బాలికలపై అఘాయిత్యాల కేసులో, వారికి వైద్యం చేసిన డాక్టరు పోలీసులకు సమాచారం ఇవ్వలేదన్న ఆరోపణ వచ్చింది. ఆయనపై కేసును హైకోర్టు కొట్టేసింది. 2022 నవంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును రద్దు చేసింది. తెలిసీ చెప్పకపోవడం తీవ్రమైన నేరమని స్పష్టం చేసింది.

అయితే ఈ మెట్టు మీద నేరం రుజువు చేయడం తేలిక కాదు. 2022 అక్టోబరులో హైదరాబాద్ బంజారాహిల్స్‌లోని బీఎస్‌డీ డీఏవీ స్కూల్ ఎల్‌కేజీ చిన్నారి కేసే ఉదాహరణ. ప్రిన్సిపల్ కారు డ్రైవర్‌కు 2023 ఏప్రిల్‌లో కోర్టు 20 ఏళ్ల శిక్ష వేసింది. ప్రిన్సిపల్‌ను మాత్రం నిర్దోషిగా విడుదల చేసింది. ఘటన జరిగిన వెంటనే ప్రభుత్వం స్కూలు గుర్తింపు రద్దు చేసింది. మిగతా పిల్లల చదువు ఏం కావాలని తల్లిదండ్రులు అడగడంతో తిరిగి అనుమతి ఇవ్వాల్సి వచ్చింది. గుర్తింపు రద్దు చేస్తే నష్టపోయేది ముందుగా పిల్లలేనని ఆ అనుభవం చెబుతోంది.

మూడో మెట్టు: ప్రభుత్వం

ఇక్కడే చట్టం మసకబారుతుంది. విద్యాశాఖ లేదా నగరపాలక సంస్థ సొంతంగా ఎంత బాధ్యత వహించాలో పోక్సో చెప్పదు. ఆ ఖాళీని కొంతవరకు కోర్టు తీర్పులు పూరించాయి. ప్రాథమిక హక్కుల ఉల్లంఘనకు ప్రభుత్వం పరిహారం చెల్లించాల్సిందేనని, సార్వభౌమాధికారం పేరుతో తప్పించుకోలేదని 1993లో నీలబతి బెహెరా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 1995లో విహారయాత్రలో బియాస్ నదిలో 14 మంది విద్యార్థులు మునిగిపోయిన కేసులో, టీచర్ల నిర్లక్ష్యానికి పాఠశాల యాజమాన్యమే బాధ్యత వహించాలని 2001లో తీర్పునిచ్చింది.

ఐర్లాండ్‌లో ఈ ప్రశ్న మరింత సూటిగా తేలింది. లూయిస్ ఓకీఫ్ 1973లో, చిన్నతనంలో, బడి ప్రధానోపాధ్యాయుడి చేతిలో లైంగిక హింసకు గురయ్యారు. అంతకు రెండేళ్ల ముందే అతనిపై ఒక ఫిర్యాదు వచ్చింది. అది చర్చి తరఫు మేనేజరు దగ్గరే ఆగిపోయింది. బడిని నడిపేది చర్చి, తాము జీతం మాత్రమే ఇస్తామని ప్రభుత్వం వాదించింది. దేశ సుప్రీంకోర్టు 2008లో ఆ వాదనను అంగీకరించింది. 2014 జనవరి 28న యూరోపియన్ మానవ హక్కుల కోర్టు అంగీకరించలేదు. బడి నిర్వహణను ఇతరులకు అప్పగించినా పిల్లలను కాపాడే బాధ్యత ప్రభుత్వం నుంచి పోదని, ఫిర్యాదు ప్రభుత్వానికి చేరే మార్గమే లేకపోవడం ప్రభుత్వ వైఫల్యమని చెప్పింది.

మన దగ్గరా ఆ దిశగా ఒక అడుగు పడింది. కేంద్ర విద్యాశాఖ 2021 మార్గదర్శకాల్లో, ప్రభుత్వ బడుల్లో ప్రధానోపాధ్యాయుడితో పాటు విద్యాశాఖ యంత్రాంగాన్నీ, ప్రైవేటు బడుల్లో యాజమాన్యాన్నీ జవాబుదారీ చేసింది. బద్లాపూర్ ఘటన తర్వాత, వీటిని అన్ని రాష్ట్రాలూ అమలు చేయాలని 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది.

తల్లిదండ్రులు ఏం చేయాలి?

బడి విచారణ ముగిసేదాకా ఆగనక్కర్లేదు. 1098 లేదా 112కు ఫోన్ చేయవచ్చు, నేరుగా పోలీస్ స్టేషన్‌కు వెళ్లవచ్చు. భాష రాకపోతే అనువాదకుడిని ఏర్పాటు చేయాలని పోక్సో చట్టమే చెబుతోంది. సూరత్‌లోని తెలుగు కుటుంబాలకు ఇది ముఖ్యం. ఎఫ్‌ఐఆర్ నమోదైన తర్వాత ఏ దశలోనైనా ప్రత్యేక కోర్టు మధ్యంతర పరిహారం ఇవ్వవచ్చు. పోక్సో నిబంధనల ప్రకారం, ఆ ఆదేశం అందిన 30 రోజుల్లో రాష్ట్ర ప్రభుత్వం చెల్లించాలి.

బడికి ముందే ఫిర్యాదు చేసి ఉంటే దాని నకలు, తేదీ దాచుకోవాలి. ఎవరికి ఎప్పుడు తెలిసిందన్నది తేలితేనే రెండో మెట్టు, మూడో మెట్టు మీద ఉన్నవారిని కోర్టులో నిలబెట్టగలం.