పరుల మూటలు మోయు సర్వరులు

అపాత్రదానము దాతనే చెఱచునని పెద్దలందురు. ఈ-మెయిలు చరిత్రమున నీ మాట యక్షరాల ఋజువైనది.

ఈ-మెయిలు ఒక సర్వరునుండి మఱియొక సర్వరునకు చేరు పద్ధతిని జోనథన్ పోస్టెల్ 1982 లో నిబంధనరూపమున ప్రకటించెను. నాటి జాలమున నుండినవారు ప్రధానముగా విశ్వవిద్యాలయములవారు, పరిశోధకులు. ఒకరి యుత్తరమును మఱియొకరి సర్వరు మూడవచోటికి చేర్చుట యిరుగుపొరుగు సాయముగా చెల్లుచుండెను. నీవెవరవని యడుగు నాచారము లేదు.

వర్తకము ప్రవేశింపగానే యా సాయమే దుర్జనులకు సాధనమైనది. కోరనివారిపై ప్రకటనలు గుప్పించు స్పాము వ్యాపారి, నూరు చిరునామాలు జతపఱచి యొక్క ప్రతిని పరుల సర్వరున కందించును. దానిని నూరిండ్లకు పంచు శ్రమ యా సర్వరుదే. లాభము వానిది, వ్యయము మనది. పంపినవాని పేరు కల్పితమగుటచే, చేరని యుత్తరములు తిరిగివచ్చి యేమియు నెఱుగని వాని గుమ్మమున పడును.

అంతకంటె ఘోరమైనది అపకీర్తి. స్పాము వెలువడు యంత్రముల సంఖ్యలతో నిషిద్ధుల పట్టికను పాల్ విక్సీ ప్రభృతులు 1997 లో నెలకొల్పిరి. తరువాత నట్టివి పెక్కులు వెలసినవి. మన సర్వరు వానికెక్కినచో మన కార్యాలయమువారి నిజమైన యుత్తరములును త్రోసివేయబడును.

1998 లో సెండ్‌మెయిల్ 8.9 వ కూర్పునుండి పరుల రవాణాను సహజముగనే నిరాకరించుచు వచ్చినది. కాని మూసిన తలుపును సౌకర్యమునకై మరల తెరచువాడు నిర్వాహకుడే గదా!

పాటింపవలసిన ధర్మ మొక్కటే. ఉత్తరమందుకొనువాడు మనవాడు కావలెను. లేదా పంపువాడు మనవాడని ఋజువు చూపవలెను. రెండును కానిదానిని ముట్టరాదు. ఉత్తరముపై వ్రాసికొన్న పేరు ఋజువు కాదు. ఎవరి పేరైనను వ్రాయవచ్చును. మనవారు గూఢలిపి మార్గమున, 587 వ ద్వారముగుండ, తమ పాస్‌వర్డు చూపియే పంపవలెను. 25 వ ద్వారము మనవారికి వచ్చు తపాలాకే విడువవలెను. నమ్మదగిన యంత్రముల పట్టికలో మన యంత్రములనే చేర్చవలెను. విశాలమైన పరిధిని వ్రాసిన యజాగ్రత్తయే పలువురిని ముంచినది.

పరీక్ష బయటినుండి జరుపవలెను. లోపలినుండి చేసినచో సర్వరు మనవారని యంగీకరించును. పరాయి చిరునామానుండి పరాయి చిరునామాకు పంపిచూడుడు. నిరాకరణ రానిచో తలుపు తెరచియున్నట్లే.

తలుపు మూసిన పిమ్మటను నిద్ర తగదు. దొంగిలిన పాస్‌వర్డుతో వచ్చువాడు మనవానివలెనే వచ్చును. కావున గంటకొక్కరు పంపదగిన యుత్తరములకు మితి నేర్పఱచి, వరుసలో నిలిచియున్నవి యకస్మాత్తుగా పెరిగినవా యని నిత్యము చూచుచుండవలెను.

గడియ వేయుట యాతిథ్యమునకు విరుద్ధము కాదు. సర్వరు నడుపువాడు తన యింటికి మాత్రమే యజమానుడు కాడు. ఆ గుమ్మము దాటి పోవు ప్రతి యుత్తరమునకును లోకమునెదుట పూచీదారు.